తెలియని కథానాయకుడు: చంద్రశేఖర్ యేలేటి సస్పెన్స్ సినిమాలు



చంద్రశేఖర్ యేలేటి 2003లో ‘ఐతే’తో మొదలుపెట్టి 2021లో ‘చెక్’ దాకా ఏడు సినిమాలు తీశారు. పద్దెనిమిదేళ్లకు ఏడు. వాటిలో మొదటి రెండింటినీ జనం ఇప్పటికీ తలుచుకుంటారు. మిగతా ఐదింటి దగ్గరికి వచ్చేసరికి మెచ్చుకోలు కాస్త నసుగుడులోకి దిగుతుంది. ఎందుకిలా జరిగిందని అడిగితే సినిమా వ్యాపారంలో ఉన్నవాళ్లు రెండు జవాబులు చెబుతారు. తెలుగు ప్రేక్షకుడికి సస్పెన్స్ ఒంటికి పడదన్నది ఒకటి. యేలేటి దగ్గరున్న సరుకు రెండు సినిమాలతో అయిపోయిందన్నది రెండోది. రెండూ సరైనవి కావని ఇవాళ నేను వాదించబోతున్నాను. సస్పెన్స్ కథకు అన్నిటికన్నా ముందు కావలసింది, తన మీదికి ఏం ముంచుకొస్తోందో తెలియని మనిషి. తెలుగు వ్యాపార సినిమా నాయకుడేమో అన్నీ ముందే తెలిసినవాడు. ఈ ఇద్దరినీ ఒక్క ఒంట్లో ఇరికించడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఆ ఏడు సినిమాలూ ఏడు రకాల జవాబులు. వాటిని అలా చూస్తే గెలుపోటముల లెక్క కూడా వేరుగా కనబడుతుంది.

ఈ సంగతి ఖరగ్‌పూర్‌లో మాట్లాడడానికి నాకు రెండు కారణాలున్నాయి. యేలేటిది తుని. తుని స్టేషను ఉన్నదీ ఖరగ్‌పూర్ స్టేషను ఉన్నదీ ఒకటే హౌరా–చెన్నై లైను మీద. ఈ లైను పట్టుకునే ఉత్తరాంధ్ర నుంచి వేలాది కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు ఈ ఊరు చేరాయి. కానీ అది మాటవరసకు చెప్పుకునే చుట్టరికం. అసలు కారణం వేరు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం అన్న పేరు 2013లో గోరఖ్‌పూర్‌కు తరలిపోయినా, సిగ్నల్ అంటే ఏమిటో, లైన్ క్లియర్ అంటే ఏమిటో ఈ సభకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక బ్లాకులో ఒక సమయంలో ఒక్క బండే ఉండాలన్నది రైల్వే మూలసూత్రం. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు రూట్లకు ఒకేసారి సిగ్నల్ పడకుండా ఇంటర్‌లాకింగ్ కాపలా కాస్తుంది. సస్పెన్స్ రచయిత చేసే పని సరిగ్గా ఈ తాళాన్ని విప్పడం. ఒకే లైను మీద ఎదురెదురు బళ్లకు లైన్ క్లియర్ ఇస్తాడు. ఆ సంగతి కేబిన్‌లో కూర్చున్న మనకు చెబుతాడు. డ్రైవర్లకు మాత్రం చెప్పడు. మన గుండె కొట్టుకునేది గుద్దుకోవడం వల్ల కాదు, గుద్దుకోకముందు గడిచే ఆ పది నిమిషాల వల్ల.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఇదే మాటను బల్ల కింద బాంబు ఉదాహరణతో చెప్పాడు. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో ఆయనతో రోజుల తరబడి మాట్లాడి ఆ సంభాషణను పుస్తకంగా వేశాడు. బాంబు ఉన్నట్టు మనకు తెలియకుండా పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ఉన్నట్టు ముందే తెలిసి, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకు తెలియకపోతే పదిహేను నిమిషాల ఉత్కంఠ. ఇందులో సాధారణంగా ఎవరూ పట్టించుకోని భాగం ఒకటుంది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరు? వాళ్లకు బాంబు సంగతి తెలియదని మనం నమ్మాలి, పేలితే నిజంగా పోతారని కూడా నమ్మాలి. ఆ కుర్చీలో పెద్ద తారను కూర్చోబెట్టిన మరుక్షణం రెండో నమ్మకం సడలిపోతుంది. తార చావడని టిక్కెట్టు కొన్నప్పుడే మనకు తెలుసు.

ఇది మన పరిశ్రమకు మాత్రమే పట్టిన జబ్బు కాదు. హిచ్‌కాక్‌కు మొదటి నుంచీ ఇదే తలనొప్పి. 1927లో ఆయన తీసిన ‘ది లాడ్జర్’లో ఒక ఇంట్లో అద్దెకు దిగిన మనిషి వరుస హత్యలు చేస్తున్నాడా అన్నది ప్రశ్న. ఆ వేషం వేసిన ఐవర్ నొవెలో అప్పట్లో ఆడపిల్లల ఆరాధ్యుడు. కాబట్టి అతను నిర్దోషిగా తేలక తప్పలేదు. 1941 నాటి ‘సస్పిషన్’ కథ మరీ విచిత్రం. ఆధారమైన నవలలో భర్త నిజంగానే హంతకుడు. సినిమాలో భర్త వేషం కేరీ గ్రాంట్‌ది. ముగింపు తారుమారై, భార్య అనుమానమంతా భ్రమగా మిగిలింది. స్టూడియో ఒప్పుకోలేదని హిచ్‌కాక్ తర్వాత చెప్పుకున్నాడు. అందులో ఆయన వంతు ఎంత, స్టూడియో వంతు ఎంత అని సినిమా చరిత్రకారులు ఇప్పటికీ తగవు పడుతూనే ఉన్నారు. ఎవరి వంతు ఎంతైనా తార ముఖం కథను వంచిందన్నది నిజం. 1960లో ‘సైకో’తో హిచ్‌కాక్ ఈ బాకీ తీర్చుకున్నాడు. పోస్టరు మీదున్న జానెట్ లీని సినిమా సగం కాకుండానే చంపేశాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లను హాల్లోకి రానివ్వొద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. తార ఉన్నా సరే ఏదైనా జరగవచ్చని ప్రేక్షకుడిని నమ్మించడానికి అంత పని చేయాల్సి వచ్చింది.

ఇక్కడి బెంగాలీ మిత్రులకు ఇంకో ఉదాహరణ బాగా తెలుసు. సత్యజిత్ రాయ్ 1967లో శరదిందు బంద్యోపాధ్యాయ కథ ‘చిడియాఖానా’ను ఉత్తమ్ కుమార్‌తో తీశాడు. బెంగాల్‌కు అంతకన్నా పెద్ద తార లేడు, బ్యోమకేశ్ బక్షీకన్నా పేరున్న సత్యాన్వేషి లేడు. అయినా ఆ సినిమా పట్ల రాయ్‌కే తృప్తి లేదు. చివర అందరినీ కూర్చోబెట్టి హంతకుడెవరో విడమరచి చెప్పే పద్ధతి తెర మీద నీరసంగా ఉంటుందని ఆయన తేల్చుకున్నాడు. 1974లో తన సొంత ఫెలూదా కథ ‘సోనార్ కెల్లా’ను తీసేటప్పుడు దుండగులెవరో ప్రేక్షకుడికి ముందే చూపించేశాడు. ‘ఎవరు’ పోయి ‘ఎప్పుడు తెలుసుకుంటాడు’ వచ్చింది. పుస్తకం చదివిన పిల్లలకు కూడా హాల్లో ఊపిరి బిగపట్టుకునే పని పడింది. తన కథనే అలా విప్పి మళ్లీ కట్టుకున్న రచయిత ధైర్యం గురించి వేరే ఉపన్యాసం ఇవ్వొచ్చు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తెలుగువాళ్లకు సస్పెన్స్ పట్టదన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో అర్థం కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌నూ, అతని అసిస్టెంటు రాజునూ తెలుగు పాఠకులు కొన్ని దశాబ్దాల పాటు ఇంట్లో మనుషుల్లా చూసుకున్నారు. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవలల అట్టలు ఊడేదాకా తిరిగాయి. తర్వాతి తరంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే పాఠకులు వారం వారం ఎదురు చూశారు. పుస్తకంలో ఇంత ఇష్టంగా తిన్నది తెర మీద చేదు ఎందుకవుతుంది? చదివేటప్పుడు యుగంధర్‌కు ముఖం లేదు. తెర మీదికి వస్తే ఒక ముఖం కావాలి. ఆ ముఖానికి అప్పటికే అభిమాన సంఘాలుంటాయి, దాని చేత చెప్పించాల్సిన డైలాగులుంటాయి. రుచి మారలేదు, వడ్డించే గిన్నె మారింది.

తెర మీద కూడా సస్పెన్స్ గెలిచిన సందర్భాలు లేకపోలేదు. 1985లో వంశీ ‘అన్వేషణ’ తీశారు. పక్షుల కూతలకూ సంగీతానికీ సంబంధం వెతుకుతూ అడవికి వచ్చిన యువతి భానుప్రియ. ఆ అడవిలో మనుషులు చచ్చిపోతుంటారు, పులి చంపుతోందని జనం నమ్మకం. ఇళయరాజా నేపథ్య సంగీతం ఆ అడవిలో ఒక పాత్ర. నలభై ఏళ్లు దాటినా హంతకుడెవరో నేను ఈ వేదిక మీద చెప్పను, ఇంకా చూడనివాళ్లు సభలో ఉండొచ్చు. 1991లో రామ్‌గోపాల్ వర్మ ‘క్షణ క్షణం’. బ్యాంకు దోపిడీ సొమ్ము ఆచూకీ తన చేతిలో పడిందని తెలియని ఉద్యోగిని సత్యగా శ్రీదేవి, పక్కన చిల్లర దొంగ చందుగా వెంకటేశ్. ఆ పరుగు చివరికి రైలెక్కి ముగుస్తుంది. ఈ రెండు సినిమాల్లోనూ ఒక సామ్యముంది. తెలియనితనం బరువు మోసింది నాయిక. మన సినిమా పురుషుడికి ఇవ్వడానికి ఇష్టపడని అజ్ఞానాన్ని స్త్రీకి ఉదారంగా ఇచ్చేస్తుంది. భయపడడం, తప్పటడుగు వేయడం, ఎవరిని నమ్మాలో తేల్చుకోలేకపోవడం నాయికకు తప్పు కాదు. హీరోకు తప్పు. ఆ ఉదారత వెనకున్న చిన్నచూపు సంగతి అలా ఉంచితే, సస్పెన్స్‌కు మాత్రం దానివల్ల ఒక సందు దొరికింది.

యేలేటి ప్రవేశించింది ఈ సందులోంచి కాదు, టీవీ హాస్యంలోంచి. ‘లిటిల్ సోల్జర్స్’ తీసిన గుణ్ణం గంగరాజు జెమినీ టీవీకి ‘అమృతం’ ధారావాహిక మొదలుపెట్టినప్పుడు దాని దర్శకుల్లో యేలేటి ఒకరు. 2001 నుంచి 2007 వరకు నడిచిన ఆ ధారావాహికను సస్పెన్స్ సినిమాకు బడిగా ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు హోటలు నడుపుకుంటూ ప్రతి వారం ఏదో ఒక చిక్కులో పడతారు. చిక్కు వస్తోందని మనకు తెలుస్తూనే ఉంటుంది, వాళ్లకు తెలియదు. నవ్వుకూ గుండెదడకూ కీలు ఒక్కచోటే ఉంది. మనకు తెలిసింది వాళ్లకు తెలియకపోవడమే అది. చిక్కు తేలికదైతే నవ్వు, ప్రాణాంతకమైతే సస్పెన్స్. ఇరవై నిమిషాల నిడివిలో ఎవరికి ఏం తెలుసో చూసుకుంటూ కథ నడపడం కన్నా మంచి తర్ఫీదు ఈ రంగంలో ఉండదు.

అదే గంగరాజు నిర్మించిన ‘ఐతే’లో ఒక్క తార కూడా లేడు. నలుగురు నిరుద్యోగ యువకులుగా కొత్త ముఖాలు. దేశం విడిచి పారిపోవాలనుకునే మాఫియా నాయకుడు ఇర్ఫాన్ ఖాన్‌గా పవన్ మల్హోత్రా. ఈయన బుద్ధదేవ్ దాస్‌గుప్తా ‘బాఘ్ బహదూర్’లో పులివేషగాడిగా బెంగాల్‌కు ఎప్పుడో తెలుసు, సగటు తెలుగు ప్రేక్షకుడికి మాత్రం అప్పటికి కొత్త. కెమెరా కె.కె. సెంథిల్ కుమార్, ఆయనకు ఇదే మొదటి సినిమా. తర్వాత ‘మగధీర’, ‘బాహుబలి’ తీసిన చేయి అదే. పారిపోవడానికి వేసిన విమానం హైజాక్ పథకం చుట్టూ కథ తిరుగుతుంది. ఆ పథకానికి కావలసింది పోలీసు రికార్డుల్లో లేని ముఖాలు. ఇక్కడే యేలేటి తెలివి చూడాలి. ఎవరికీ తెలియని ముఖాలు కావాలన్నది కథలో ముఠా అవసరం. ఎవరికీ తెలియని నటులు కావాలన్నది బయట దర్శకుడి అవసరం. రెండూ ఒకటే అయ్యాయి. ఈ కుర్రాళ్లలో ఎవరు బతుకుతారో, ఎవరు మోసం చేస్తారో చెప్పడానికి మన దగ్గర ఏ పాత లెక్కా లేదు. తార లేకపోవడం డబ్బు లేక చేసుకున్న సర్దుబాటు అనుకుంటారు. ఈ కథలో అదే పెట్టుబడి. ఆ సంవత్సరానికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం ‘ఐతే’కు దక్కింది.

2005 నాటి ‘అనుకోకుండా ఒక రోజు’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. యేలేటి ఆలోచన అక్కడ పూర్తి రూపంలో ఉంది. గాయని కావాలనుకునే సహస్ర ఒక రాత్రి స్నేహితురాలితో పార్టీకి వెళ్తుంది. అక్కడ మత్తుమందు ఆమె ఒంట్లోకి చేరుతుంది. మెలకువ వచ్చాక మామూలుగా తన పనుల్లో పడుతుంది. తీరా చూస్తే మధ్యలో ఒక రోజు మొత్తం లేదు. ఆ రోజు ఆమె ఎక్కడుంది, ఏం చేసింది, ఏం చూసింది? ఆమెకు తెలియదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనుషులు ఆమెను చంపబోతారు. ఇప్పటిదాకా చెప్పుకున్న లెక్కలో ఇదొక కొత్త మలుపు. మామూలు సస్పెన్స్‌లో పాత్రకు తెలియనిది రేపు జరగబోయేది. ఇక్కడ తెలియనిది నిన్న జరిగిపోయింది. ప్రమాదం ఎదురుగా రావడం లేదు, ఆమె బతుకులోంచే తవ్వుకుని వస్తోంది. ఆమె అపరిచితులనుకునేవాళ్లు ఆమెను ఎరుగుదురు. తన గురించి తనకన్నా శత్రువులకే ఎక్కువ తెలిసిన స్థితి అది. ఇంతకు మించిన నిస్సహాయత కథలో కల్పించడం కష్టం.

దీన్ని చార్మి మోసింది, జగపతిబాబు దర్యాప్తు చేసే పోలీసు అధికారిగా పక్కన నిలబడ్డారు. ఆయన అప్పటికి ఎన్నో సినిమాల హీరో. కీరవాణి సంగీతం. ఇంత పేరున్న నటుడిని పెట్టుకుని కూడా కథ ఇరుసును యేలేటి ఆమె దగ్గరే ఉంచారు. పోలీసుకు కొంత తెలుసు, ఆమెకు కొంత తెలుసు, ఏ ఒక్కరి దగ్గరా మొత్తం లేదు. 2008లో ఇదే కథను రోహిత్ శెట్టి హిందీలో ‘సండే’గా తీశారు. అజయ్ దేవగణ్ పోలీసు, ఆయేషా టాకియా రోజు పోగొట్టుకున్న అమ్మాయి. అర్షద్ వార్సీ, ఇర్ఫాన్ ఖాన్‌ల హాస్యం పెరిగింది, పోలీసు పాత్ర నీడ పెరిగింది. కథ దాదాపు అదే, పోయిన రోజు అదే, ఉక్కిరిబిక్కిరి మాత్రం సగానికి సగం తగ్గింది. రోహిత్ శెట్టికి పని రాదని కాదు. హాస్యం ఆయన సొంత ఇలాకా. కానీ అజయ్ దేవగణ్ కళ్ల ముందుండగా ఆ అమ్మాయికి ఏమైనా అవుతుందని ఏ ప్రేక్షకుడు నమ్ముతాడు? ఒకే కథ, రెండు పంపకాలు. సినిమాల్లో ప్రయోగశాల పరీక్షలాంటిది దొరకడం అరుదు. నా వాదనకు ఇది దాదాపు అలాంటిదే.

తర్వాతి సినిమాల్లో యేలేటి తారల వైపు నడిచారు. తప్పు పట్టడానికి లేదు, తారలు లేకుండా మూడో సినిమాకు డబ్బు పెట్టేవాళ్లు అప్పట్లో తక్కువ. 2007 నాటి ‘ఒక్కడున్నాడు’లో గోపీచంద్ ఒంట్లో ఉన్నది బాంబే బ్లడ్ గ్రూప్. 1952లో ముంబయి వైద్యులు మొదటిసారి గుర్తించిన అరుదైన రకం. ఆ రక్తం అవసరమైన నేరసామ్రాట్టు అతని కోసం వెతుకుతాడు. మన హీరోలు రక్తం గురించీ వంశం గురించీ గర్జించే డైలాగులు మనకు కొత్త కావు. ఇక్కడ ఆ రక్తమే హీరోను వేటగాళ్లకు పట్టించే గుర్తు. ఎంత చమత్కారమైన తిరగవేత! అయితే హీరోకు విషయం తెలిసిపోయాక గోపీచంద్ బాహుబలం కథను చేతిలోకి తీసుకుంటుంది. మొదటి సగంలో ఉన్న ఉత్కంఠ రెండో సగంలో పోరాటంగా మారుతుంది. 2009 నాటి ‘ప్రయాణం’ దాదాపు ఒక్క విమానాశ్రయంలోనే, విమానం బయల్దేరే వేళలోపు తేలాల్సిన ప్రేమకథ. అక్కడ బాంబు ఏమీ లేదు, గడియారం ఉంది, అది చాలింది. 2013 నాటి ‘సాహసం’లో ఒక సెక్యూరిటీ గార్డు పూర్వీకుల నిధి కోసం పాకిస్తాన్ దాకా పోతాడు. నిధి వేటలో నాయకుడికి దారి తెలియకపోవడం కథ నియమం. కనుక అభిమానులకూ అవమానం కాదు, దర్శకుడికీ చిక్కు కాదు. ఏడింటిలో తారకూ కథకూ తక్కువ తగాదా ఉన్నది ఇదే.

2016 నాటి ‘మనమంతా’ను ఎవరూ సస్పెన్స్ సినిమా అనరు. మోహన్‌లాల్ సూపర్ మార్కెట్ ఉద్యోగి, గౌతమి ఇల్లాలు, ఒక కాలేజీ కుర్రాడు, ఒక చిన్నపిల్ల. నాలుగు కథలు పక్కపక్కన నడుస్తాయి. వాటికి ఒకదానితో ఒకటి ఏం సంబంధమో చివరిదాకా మనకు చెప్పరు. ఆ నలుగురికి మాత్రం అది పొద్దున లేస్తే తెలిసిన సంగతే. అంటే యేలేటి ఇక్కడ తన లెక్కను తలకిందులు చేశారు. పాత్రలకు అన్నీ తెలుసు, కేబిన్‌లో ఉన్న మనకు తెలియదు. హత్య లేదు, హంతకుడు లేడు. అయినా సంబంధం బయటపడిన క్షణాన అంతదాకా చూసిన ప్రతి సన్నివేశం అర్థం మారిపోతుంది. మోహన్‌లాల్ అంతటి నటుడు ఉండి కూడా తారగా కాక, నెలాఖరుకు డబ్బులు చాలని మనిషిగా నిలిచాడు. నా దృష్టిలో ‘అనుకోకుండా ఒక రోజు’ తర్వాత యేలేటి మంచి పని ఇదే. ఎక్కువమంది ఒప్పుకోరని తెలుసు.

ఇప్పుడు అభ్యంతరాలు. బలమైనది ‘దృశ్యం’. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీసిన కథను శ్రీప్రియ మరుసటి ఏడాది తెలుగులో వెంకటేశ్‌తో తీశారు. పెద్ద తార, నిఖార్సైన సస్పెన్స్, పెద్ద విజయం. మరి నా సిద్ధాంతం ఏమైనట్టు? జాగ్రత్తగా చూస్తే ‘దృశ్యం’ నాయకుడు తెలియనివాడు కాదు. శవం ఎక్కడుందో అతనొక్కడికే తెలుసు, పోలీసులకు తెలియదు, చివరిదాకా మనకూ తెలియదు. తారకు సహజంగా ఉండే సర్వజ్ఞతను ఆ కథ కాదనలేదు, దాన్నే తాళంచెవిగా వాడుకుంది. పెద్దగా చదువుకోని కేబుల్ టీవీవాడు కావడం వల్ల ఆ జ్ఞానం గర్వంగా కాక భయంగా కనిపించింది. కాబట్టి తారతో సస్పెన్స్ కుదరదని నేను అనను. కుదరాలంటే అజ్ఞానాన్ని తార నెత్తి మీది నుంచి తీసి ప్రేక్షకుడి నెత్తి మీద పెట్టాలి. అది వేరే రకం సస్పెన్స్. అందులో దర్శకుడు మనతో ఆట ఆడతాడు. సహస్ర కథలాంటి దాంట్లో మనం పాత్రతో కలిసి వణుకుతాం. రెండోది కష్టమైనది, యేలేటి ప్రతిభ అంతా ఆ రెండోదాంట్లో ఉంది.

యేలేటి కథలు యాదృచ్ఛికాల మీద నడుస్తాయని ఇంకో ఆరోపణ. ఇది కొంతవరకు నిజం. సరిగ్గా ఆ వేళకు ఆ మనిషి ఆ చోట ఉండకపోతే ఆయన కథలు సగం కదలవు. దీనికి నా జవాబు చిన్నది. కథను చిక్కులో పెట్టే యాదృచ్ఛికాన్ని ప్రేక్షకుడు క్షమిస్తాడు, చిక్కు విప్పే యాదృచ్ఛికాన్ని క్షమించడు. యేలేటి ఎక్కువగా మొదటి రకమే వాడతారు. ఇక ఒకసారి గుట్టు తెలిశాక సస్పెన్స్ సినిమా చచ్చిన పాముతో సమానమని కొందరంటారు. గుట్టు ఒక్కటే ఉన్న సినిమాకు ఆ మాట సరిపోతుంది. ‘ఐతే’ రెండోసారి చూసేవాడికి ఆ కుర్రాళ్ల కంగారులో ఎంత కంగారు, ఎంత నటన అన్నది కొత్తగా కనిపిస్తుంది. తెలియనితనాన్ని తెలిసి చూడడంలో ఉన్న రుచి అది.

చివరి అభ్యంతరం యేలేటి సొంత సినిమా నుంచే వస్తుంది. 2021 నాటి ‘చెక్’లో నితిన్ ఉరిశిక్ష పడ్డ ఖైదీ. జైల్లో చదరంగం నేర్చి ఆరితేరతాడు. జనం ఆదరించలేదు. తార ఉన్నా లేకపోయినా ఆయన కథలో బిగువు తగ్గిందనీ, తప్పు తార మీద వేయడం న్యాయం కాదనీ అనొచ్చు. నేను ఆయనను వెనకేసుకు రాను. ఉరికంబం నీడలో ఉన్న మనిషి కన్నా నిస్సహాయుడు లేడు. సస్పెన్స్‌కు ఇంతకన్నా మంచి కుర్చీ ఉండదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాడిని చదరంగం మేధావిని చేయడంతో ఎదుటివాడి ఎత్తు ముందే తెలిసినవాడు అయిపోయాడు. అంటే సగటు తెలుగు హీరో కండల బదులు మెదడు వేసుకుని తలుపు తట్టాడు. ఇది ఎవరో బలవంతాన చేయించిన మార్పు కాదు, కథలో రచయితే పెట్టుకున్నది. తారల ఒత్తిడి అంటే నిర్మాత ఫోను చేసి చెప్పేది మాత్రమే అనుకోకూడదు. ఒక్కోసారి అది రాసేవాడి కలంలోనే కాపురం పెడుతుంది.

‘చెక్’ రాకముందే ఇంకోవైపు చిన్న నటులతో సస్పెన్స్ సినిమాలు వరస కట్టాయి. 2016లో రవికాంత్ పేరెపు ‘క్షణం’, 2019లో ‘ఎవరు’, అదే ఏడాది స్వరూప్ ఆర్‌ఎస్‌జె ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’. నెల్లూరు డిటెక్టివ్ ఆత్రేయ తన కేసులో తానే ఇరుక్కుంటాడు, ఏం జరిగిందో అతనికే తెలియదు. ప్రేక్షకులు బ్రహ్మాండంగా ఒప్పుకున్నారు. ఇవన్నీ యేలేటి ప్రభావం అని నేను అనను. ‘ఐతే’ తెరిచిన తలుపు మూసుకుపోలేదని మాత్రం అంటాను. వాటి వెనకే 2020లో శైలేష్ కొలను ‘హిట్’ వచ్చింది. అందులో పోలీసు విక్రమ్ రుద్రరాజుగా విశ్వక్ సేన్. పాత గాయం మనసులోంచి పోక, నేరస్థలంలో కాళ్లు చేతులు ఆడని మనిషి. ఆ సినిమాలో ప్రశ్నలన్నీ అతనివే, జవాబులు ఎక్కడో బయట. 2022లో రెండో భాగానికి అడివి శేష్ వచ్చారు, 2025లో మూడో భాగానికి నాని వచ్చారు. మూడో భాగంలో నాని అర్జున్ సర్కార్ ఎవరినీ అడిగి తెలుసుకోవాల్సిన అవసరం పెద్దగా లేని అధికారి. నెత్తురు పెరిగింది, సందేహం తగ్గింది. దర్శకుడు ఆయనే, వరస పేరూ అదే. ‘సండే’ తర్వాత నా వాదనకు దొరికిన రెండో పరీక్ష ఇది. దీనికి ఎదురుగా నిలబడే ఉదాహరణ సభలో ఎవరి దగ్గరైనా ఉంటే, తర్వాత జరిగే చర్చలో వినడానికి సిద్ధంగా ఉన్నాను.